రిపోర్టులోని ఒక్క మాట వెనుక: నాడీ వ్యాధుల జన్యుశాస్త్రంలో పరిశోధన ప్రచురణల తీరు

(వైద్య, జీవశాస్త్ర విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదికపై ఉన్న పెద్దలకు, తోటి అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం.

నాడీ వ్యాధుల జన్యుశాస్త్రంలో పరిశోధన పత్రాలు ఏ తీరుగా వెలువడుతున్నాయి, గత నాలుగు దశాబ్దాలలో ఆ తీరు ఎలా మారుతూ వచ్చింది అన్నది ఈనాటి ప్రసంగ విషయం. పైకి ఇది పరిశోధకుల పదోన్నతులకు, సంస్థల ర్యాంకులకు సంబంధించిన వ్యవహారంలా కనిపించవచ్చు. నేను మాత్రం దీన్ని రోగి వైపు నుంచి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. మూర్ఛలు వస్తున్న పసిబిడ్డకు, జన్యువుల్లో ప్రొటీన్లకు సంకేతమిచ్చే భాగాలను చదివే ఎక్సోమ్ పరీక్ష చేయించిన తల్లిదండ్రుల చేతికి కొన్ని వారాల తర్వాత ఒక రిపోర్టు వస్తుంది. ఫలానా జన్యువులో ఫలానా చోట ఒక డీఎన్‌ఏ అక్షరం మారిందని, ఆ మార్పు వ్యాధికారకమనో, హాని లేనిదనో, ఏ సంగతీ తేలనిదనో అందులో రాసి ఉంటుంది. ఆ ఒక్క మాట మీద మందు మారుతుంది, రెండో బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం మారుతుంది, కొన్ని ఇళ్లలో మరొకరి పెళ్లి మాటలు కూడా ఆగిపోతాయి. ఆ మాట రాసిన ప్రయోగశాల చాలా సందర్భాల్లో ఆ మార్పు మీద సొంతంగా పరిశోధన చేసి ఉండదు. అంతకుముందు ఎవరో, ఏదో దేశంలో ప్రచురించిన పత్రాన్ని, ఆ పత్రం నుంచి డేటాబేసులోకి చేరిన వివరాన్ని చూసి రాస్తుంది. అందుకే మన రంగంలో పరిశోధన పత్రం రోగ నిర్ధారణలోనే ఒక భాగం. పత్రంలో జరిగిన పొరపాటు అక్కడితో ఆగదు. ఏళ్ల తర్వాత, ఆ పత్రం పేరు కూడా వినని కుటుంబం మీదికి వచ్చి పడుతుంది.

ఈ దృష్టితో చూసినప్పుడు ఏ ఏడాది ఎన్ని పత్రాలు వచ్చాయన్న లెక్క నాకు అంత ముఖ్యంగా తోచదు. ఒక పత్రాన్ని నమ్మడానికి ఏ కాలంలో ఏ ఆధారం సరిపోయింది, ఆ కొలమానం ఎప్పుడు, ఎందుకు మారింది అన్నదే చూడవలసిన విషయం.

హంటింగ్టన్స్ వ్యాధితో మొదలుపెడతాను. సాధారణంగా నడివయసులో కాళ్లు, చేతులు అదుపు లేకుండా కదలడంతో బయటపడి, క్రమంగా ఆలోచననూ మాటనూ హరించే వ్యాధి ఇది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. వెనిజులాలోని మరకాయిబో సరస్సు ఒడ్డున ఉన్న పల్లెల్లో ఈ వ్యాధి ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువగా కనిపించేది. తన తల్లికి ఇదే వ్యాధి వచ్చిన నాన్సీ వెక్స్‌లర్, 1979 నుంచి అక్కడికి వెళ్లి, ఆ కుటుంబాల మధ్య తిరిగి, ఎవరికి ఎవరు ఏమవుతారో రాసుకొని, రక్త నమూనాలు సేకరించే పనికి నాయకత్వం వహించారు. కాలక్రమంలో ఆ వంశవృక్షాల్లో 83 వంశాలకు చెందిన 18,149 మంది చేరారు. ఆ రక్త నమూనాల ఆధారంగా జేమ్స్ గుసెల్లా బృందం 1983లో 'నేచర్' పత్రికలో, ఈ వ్యాధికి కారణమైన జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉందని ప్రకటించింది. ఊరి పేరు తెలిసింది గానీ ఇల్లు తెలియలేదన్నమాట. ఆ ఇల్లు దొరకడానికి మరో పదేళ్లు పట్టింది.

1993 మార్చిలో 'సెల్' పత్రికలో వచ్చిన పత్రాన్ని విద్యార్థులు ఒక్కసారైనా పూర్తిగా చదవాలని నా కోరిక. దానికి రచయితల చోట 'హంటింగ్టన్స్ వ్యాధి సహకార పరిశోధన బృందం' అన్న ఉమ్మడి పేరు పెట్టారు. ఆరు బృందాలకు చెందిన 58 మంది పరిశోధకులు, ఎవరి పేరు ముందు రావాలన్న తగువు లేకుండా, ఆ పేరు కిందే ప్రచురించడానికి ఒప్పుకున్నారు. అందులో చెప్పిన విషయం కూడా అంత సూటిగానే ఉంది: ఆ జన్యువులో సి, ఏ, జి అనే మూడు అక్షరాల గుంపు వెంటవెంటనే పునరావృతమవుతుంది, పరిశీలించిన 75 వ్యాధిగ్రస్త కుటుంబాలన్నిటిలోనూ ఆ పునరావృతి సాధారణ హద్దును దాటి ఉంది. ఇవాళ మనం 40, అంతకు మించిన పునరావృతులు ఉంటే నిండు జీవితం గడిపే వ్యక్తికి వ్యాధి తప్పదని, 36 నుంచి 39 వరకు ఉంటే రావచ్చు, రాకపోవచ్చునని చెబుతున్నాం. 75 కుటుంబాలూ మినహాయింపు లేకుండా ఒకే మాట చెప్పడమే ఆనాటి పత్రాలకు బలం. ఏ దేశంలోని ప్రయోగశాల అయినా తన రోగుల్లో ఆ పునరావృతిని కొలిచి, ఆ మాట నిజమో కాదో తేల్చుకోగలిగింది.

ఆ దశకమంతా అలాంటి పత్రాలతో నిండిపోయింది. అదే 1993లో నరాల క్షీణత వ్యాధి ఏఎల్‌ఎస్‌కు సంబంధించిన ఎస్‌ఓడీ1 జన్యువు, 1995లో వెన్నెముక కండరాల క్షీణతకు కారణమైన ఎస్‌ఎంఎన్1 జన్యువు, 1996లో కాడాసిల్ అనే వంశపారంపర్య మెదడు రక్తనాళ వ్యాధికి నాచ్3, 1997లో పార్కిన్సన్స్ వ్యాధికి ఆల్ఫా సిన్యూక్లీన్, 1999లో రెట్ సిండ్రోమ్ అనే పిల్లల నాడీ ఎదుగుదల లోపానికి ఎంఈసీపీ2 వరుసగా వెలువడ్డాయి. మన దినపత్రికలు '16 కోట్ల ఇంజెక్షన్' అని రాసిన మందు, 1995లో గుర్తించిన ఎస్‌ఎంఎన్1 జన్యువు లోపాన్ని సరిదిద్దడానికి తయారైనదే. ఆ వ్యాధికి మొదటి మందుకు అమెరికాలో 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది; పత్రానికీ మందుకూ మధ్య 21 సంవత్సరాలు గడిచాయి. ఈ కాలపు పత్రాల్లో ఎక్కువ భాగం నేటికీ చెక్కుచెదరలేదు. కుటుంబాల్లో తరతరాలుగా వ్యాధితోపాటే నడిచి వచ్చిన మార్పును పట్టుకోవడం వల్ల వాటికి ఆ గట్టిదనం వచ్చింది.

ఇబ్బంది సాధారణ వ్యాధుల దగ్గర మొదలైంది. వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్, ఎక్కువమందిలో కనిపించే పార్కిన్సన్స్, పక్షవాతం, మైగ్రేన్ వంటివి ఒకే జన్యువు వల్ల వచ్చేవి కావు. 1993లో అల్జీమర్స్ విషయంలో ఏపీఓఈ జన్యువులోని ఈ4 రూపానికి ఉన్న బలమైన సంబంధం బయటపడింది. అది అసాధారణమైన ఫలితం. కానీ దాన్ని చూసి, ప్రతి వ్యాధికీ అలాంటి జన్యువు ఒకటి ఉంటుందని, ఊహించి వెతికితే దొరుకుతుందని చాలామంది అనుకున్నారు. వంద మంది రోగులను, వంద మంది ఆరోగ్యవంతులను తీసుకొని, వ్యాధికి సంబంధం ఉండవచ్చునని తోచిన ఒక జన్యువులో ఒక తేడాను పోల్చి, సంబంధమే లేకున్నా అంత తేడా కాకతాళీయంగా కనిపించే సంభావ్యత 0.05 కన్నా తక్కువ వస్తే పత్రం రాయడం పరిపాటి అయింది. ఒక జన్యువులో ఏ తేడాను చూడాలి, రోగులను వయసు వారీగా విడదీయాలా, ఆడ మగలను వేరు చేయాలా అన్నవన్నీ పరిశోధకుడి ఇష్టం కాబట్టి, ఏదో ఒక మూల 0.05 దొరికేది. దొరకనివారి ఫలితం సొరుగులోనే ఉండిపోయేది, ఎందుకంటే సంబంధం లేదని చెప్పే పత్రాన్ని వేసుకోవడానికి పత్రికలు ఇష్టపడేవి కావు.

దీని పర్యవసానాన్ని 2002లో జోయెల్ హర్ష్‌హార్న్, ఆయన సహచరులు లెక్క కట్టారు. అన్ని రకాల సాధారణ వ్యాధులకు సంబంధించి, కనీసం మూడుసార్లు పరీక్షకు గురైన 166 జన్యు సంబంధాలను వారు పరిశీలిస్తే, నిలకడగా మళ్లీ మళ్లీ రుజువైనవి ఆరు మాత్రమే తేలాయి. మన పొరుగు రంగమైన మనోవ్యాధుల్లో ఈ కథ ఇంకా ఎక్కువ కాలం సాగింది. కుంగుబాటుకు కారణమని ఏళ్ల తరబడి చెప్పుకున్న 18 జన్యువులను 2019లో లక్షల మంది సమాచారంతో పరీక్షించినప్పుడు, యాదృచ్ఛికంగా ఎంచుకున్న జన్యువుల కన్నా వాటికి ప్రత్యేకమైన పాత్ర ఏదీ కనిపించలేదు. ఆ పత్రాలు రాసినవారిలో ఎక్కువ మంది మోసగాళ్లు కారు. చేతిలో ఉన్న రోగుల సంఖ్య చిన్నది, ఆనాటి ప్రమాణం సడలినది, ప్రచురణకు దొరికే గౌరవం పెద్దది. ఈ మూడూ కలిసినచోట నిజాయితీపరులు రాసిన పత్రాలు కూడా తప్పుదారి పట్టించాయి.

దీనికి విరుగుడు పత్రికల నుంచి కాక పరిశోధకుల ఉమ్మడి ఒప్పందం నుంచి వచ్చింది. ఒక జన్యువును ఊహించి వెతకడం మాని, జీనోమ్ అంతటా, అంటే మనిషి మొత్తం జన్యు సమాచారంలో, లక్షల చోట్ల తేడాలను ఒకేసారి పోల్చే పద్ధతి 2005 తర్వాత స్థిరపడింది. 2007లో బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ ట్రస్ట్ కన్సార్షియం (పరిశోధన బృందాల కూటమి) ఏడు వ్యాధులకు సంబంధించిన 14,000 మంది రోగులను పోలిక కోసం తీసుకున్న 3,000 మంది ఉమ్మడి నియంత్రణ సమూహంతో పోల్చి ప్రచురించిన పత్రం ఆ పద్ధతికి నమూనా అయింది. ఇన్ని లక్షల పోలికలు చేసేటప్పుడు 0.05 అర్థం లేని సంఖ్య అవుతుంది కాబట్టి, కోటిలో అర భాగం కన్నా తక్కువ సంభావ్యత ఉంటేనే సంబంధంగా లెక్కించాలని, వేరొక స్వతంత్ర సమూహంలో అదే ఫలితం మళ్లీ రావాలని నియమం ఏర్పడింది. ఈ నియమం చిన్న బృందాన్ని ఒంటరిగా ప్రచురించలేని స్థితికి తెచ్చింది. అల్జీమర్స్ విషయంలోనే చూడండి. 2009లో కార్డిఫ్ కేంద్రంగా ఒక బృందం, ఫ్రాన్స్‌లోని లీల్ కేంద్రంగా మరో బృందం 'నేచర్ జెనెటిక్స్'లో ఒకేసారి ప్రచురించిన పత్రాల్లో సీఎల్‌యూ జన్యువు రెంటిలోనూ తేలింది. పోటీ పడుతున్న రెండు బృందాలకు విడివిడిగా ఒకే జవాబు రావడం కన్నా మంచి రుజువు ఉండదు. 2013 నాటికి ఆ బృందాలు, అమెరికా బృందాలు కలిసి 74,046 మంది సమాచారంతో ఒకే పత్రం వేశాయి. 2022లో వచ్చిన పత్రంలో 1,11,326 మంది రోగులు లేదా రోగుల సంతానం, 6,77,663 మంది నియంత్రణ సమూహం. జీనోమ్‌లో వ్యాధితో ముడిపడినట్టు తేలిన చోట్లు 75, వాటిలో కొత్తవి 42. పార్కిన్సన్స్‌లో 2019 నాటి పత్రం వ్యాధితో ముడిపడిన 90 స్వతంత్ర జన్యు సంకేతాలను చూపింది.

ఈ పత్రాల రచయితల జాబితా వందల పేర్లతో ఉంటుంది. నమూనాలు సేకరించి, రోగిని పరీక్షించి, ఫారాలు నింపిన వైద్యుడి పేరు ఆ జాబితా నడుమ ఎక్కడో ఉంటుంది, విశ్లేషణ చేసినవారి పేర్లు మొదట, చివర ఉంటాయి. దీనివల్ల నమూనాలు ఇచ్చే దేశాలు, విశ్లేషణ చేసే దేశాలు అన్న విభజన ఏర్పడిందన్న ఫిర్యాదు న్యాయమైనదే. అయినా ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. వీటిలో మంచి భాగం సారాంశ గణాంకాలను, అంటే ఒక్కో వ్యక్తి వివరాలు లేని మొత్తం ఫలితాల అంకెలను, అందరికీ తెరిచి పెట్టింది. వారి మాట నచ్చనివారు వారి అంకెలతోనే వాదించవచ్చు. 2022 పత్రంలో తల్లిదండ్రులకు అల్జీమర్స్ ఉందని చెప్పిన సంతానాన్ని కూడా రోగుల లెక్కలో చేర్చారు కదా, ఆ పద్ధతి ఎంతవరకు సబబు అన్న చర్చ అలాగే సాగుతోంది. ఒక్క జాగ్రత్త మాత్రం విద్యార్థులకు చెప్పాలి: ఈ పత్రాల్లో 75 చోట్లు దొరికాయంటే 75 జన్యువులు దొరికాయని కాదు. ప్రతి చోటా అనేక జన్యువులు ఉంటాయి. వాటిలో ఏది పని చేస్తోందో తేల్చడం వేరే పరిశోధన. పత్రం శీర్షికలో లేని ఖచ్చితత్వాన్ని వార్తా కథనం చేర్చడం ఇక్కడే ఎక్కువగా జరుగుతుంది.

ఇక అరుదైన వ్యాధుల విషయం. 2010 ప్రాంతంలో ఎక్సోమ్ పరీక్ష అందుబాటులోకి వచ్చాక, ఒక్క కుటుంబంలోని ఇద్దరు ముగ్గురు రోగులను చూసి కొత్త వ్యాధి జన్యువును ప్రకటించే పత్రాలు పెరిగాయి. మేనరికపు పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న మన ప్రాంతపు కుటుంబాలు ఇలాంటి పత్రాలకు తరచు ఆధారమవుతాయి. దగ్గరి బంధువుల సంతానంలో తల్లి నుంచి, తండ్రి నుంచి ఒకేలా వచ్చిన పొడవైన జన్యు భాగాలు ఉంటాయి. వ్యాధికి కారణమైన మార్పు ఆ భాగంలో ఉంటే, దానితోపాటు ఏ పాపమూ ఎరగని అరుదైన మార్పులు మరికొన్ని కూడా అక్కడే ఉంటాయి. ఒకే కుటుంబాన్ని చూసినవారికి రెంటికీ తేడా తెలియదు. అందుకే ఇవాళ మంచి పత్రికలు, వేరే దేశంలోనో వేరే కుటుంబంలోనో అదే జన్యువులో మార్పు ఉన్న రోగి దొరికే వరకు ఆగమని అడుగుతాయి. 2013లో మొదలైన జీన్‌మ్యాచర్ వంటి వేదికలు ఆ పని సులువు చేశాయి. ఒక ఊరి వైద్యురాలు తన రోగిలో అనుమానించిన జన్యువు పేరు నమోదు చేస్తే, అదే జన్యువును మరో ఖండంలో నమోదు చేసినవారితో ఆ వేదిక కలుపుతుంది. పది దేశాల నుంచి పదిహేను కుటుంబాలతో వచ్చే పత్రాలు ఈ దశాబ్దపు ప్రత్యేకత.

ప్రచురణల్లోని పాత తప్పులు ఎంత లోతుగా పాతుకుపోయాయో మాత్రం, సాధారణ జనం జన్యు సమాచారం పెద్ద ఎత్తున బయటికి వచ్చాకే తెలిసింది. 2016లో 'నేచర్'లో ప్రచురితమైన ఎక్సాక్ అనే సంకలనంలో 60,706 మంది ఎక్సోములు ఉన్నాయి. ఆ సంకలనాన్ని నిర్మించినవారు, వ్యాధికారకాలని డేటాబేసుల్లో నమోదై ఉన్నా జనంలో మరీ ఎక్కువగా కనిపిస్తున్న 192 మార్పులను తీసుకొని, ఒక్కొక్కదాని వెనుక ఉన్న పత్రాలను తిరగేశారు. తగిన ఆధారం ఉన్నవి తొమ్మిది మాత్రమే తేలాయి.

నాడీ వ్యాధుల్లో దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ప్రయాన్ వ్యాధులు. మెదడును దెబ్బతీసే ఈ వ్యాధులు కొందరిలో పీఆర్‌ఎన్‌పీ జన్యువులోని మార్పుల వల్ల వస్తాయి; మొదలయ్యాక చాలాసార్లు నెలల్లోనే ప్రాణం తీస్తాయి. సోనియా వల్లభ్ తల్లి 2010లో ఇలాంటి వ్యాధితో మరణించారు. ఆ మార్పు తనకూ వచ్చిందని సోనియాకు మరుసటి ఏడాది పరీక్షలో తెలిసింది. ఆమె న్యాయశాస్త్రం చదివినవారు. ఆమె, ఆమె భర్త ఎరిక్ మినికెల్ తమ వృత్తులు వదిలి జీవశాస్త్రం నేర్చుకొని, అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇదే వ్యాధి మీద పరిశోధకులయ్యారు. 2016లో మినికెల్ ముఖ్య రచయితగా వెలువడిన పత్రం 16,025 మంది ప్రయాన్ రోగులను, ఎక్సాక్‌లోని 60,706 మందిని, 23అండ్‌మీ అనే సంస్థ పరీక్షించిన 5,31,575 మందిని కలిపి చూసింది. వ్యాధికారకాలని అప్పటికే ప్రచురితమైన మార్పులు, ఆ వ్యాధి ఎంత అరుదో దాన్ని బట్టి ఊహించదగిన దాని కన్నా కనీసం 30 రెట్లు ఎక్కువగా సాధారణ జనంలో ఉన్నాయని తేలింది. అంటే వాటిలో కొన్నిటికి వ్యాధితో సంబంధమే లేదు. కొన్నిటికి సంబంధం ఉన్నా, ఆ మార్పు ఉన్నవారికి జీవితకాలంలో వ్యాధి వచ్చే అవకాశం 0.1 శాతం కన్నా తక్కువ. మరికొన్నిటికి అది దాదాపు 100 శాతం. పాత పత్రాలు ఈ మూడు రకాలకూ 'వ్యాధికారకం' అన్న ఒకే ముద్ర వేశాయి. ఆ ముద్ర చూసి, ఎన్నటికీ రాని వ్యాధి కోసం భయపడుతూ బతికినవారు ఉండి ఉంటారు కదా! అదే పత్రంలో ఇంకొక విషయం కూడా ఉంది: ఈ జన్యువు ఒక ప్రతి పూర్తిగా పని చేయని పెద్ద వయసువారు ఆరోగ్యంగా ఉన్నారు. అందువల్ల ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌ను తగ్గించే మందు ప్రమాదకరం కాకపోవచ్చునన్న ధైర్యం వచ్చింది. అలాంటి మందు ఇప్పుడు మనుషులపై పరీక్షల దశలో ఉంది. సాధారణ జనం సమాచారాన్ని దాచుకోకుండా ప్రచురించడం వల్ల ఒక తప్పు సరిదిద్దుకోవడం, ఒక మందుకు దారి దొరకడం రెండూ ఒకే పత్రంలో జరిగాయి.

సవరణలు ప్రచురితమయ్యే వేగం కూడా కొంత మెరుగుపడింది. కౌమారంలో మొదలయ్యే ఒక రకం మూర్ఛకు ఐసీకే అనే జన్యువు కారణమని 2018లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ఒక పత్రం వచ్చింది. మరుసటి ఏడాదే, పెద్ద మూర్ఛ కన్సార్షియంలు తమ రోగుల్లో ఆ సంబంధం కనిపించలేదని అదే పత్రికలో రాశాయి. తప్పో ఒప్పో చెప్పిన చోటే సవరణ కూడా అచ్చవడం చిన్న విషయం కాదు. మొదటి పత్రం చదివినవారికి రెండోది కూడా దొరుకుతుంది.

వేగం అన్నాను కాబట్టి ప్రీప్రింట్ల గురించి చెప్పాలి. తోటి శాస్త్రవేత్తల సమీక్షకు ముందే పత్రాన్ని అందరికీ తెరిచి పెట్టే బయోఆర్కైవ్ 2013 నవంబరులో, వైద్య పత్రాల కోసం మెడ్‌ఆర్కైవ్ 2019 జూన్‌లో మొదలయ్యాయి. సమీక్ష కాని పత్రాన్ని వైద్యంలో నమ్మవచ్చా అన్న సందేహం సహజం. 2024 ఏప్రిల్‌లో జరిగిన సంగతి చూడండి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన నికోలా విఫిన్ బృందం, ఆర్‌ఎన్‌యూ4-2 అనే చిన్న జన్యువులో మార్పుల వల్ల పిల్లల్లో ఎదుగుదల లోపం వస్తోందని మెడ్‌ఆర్కైవ్‌లో పత్రం ఉంచింది. ఆ జన్యువు నుంచి ప్రొటీన్ తయారు కాదు, దాని మొత్తం పొడవు 150 అక్షరాలకు మించదు. ప్రొటీన్ తయారుచేసే జన్యువులనే చూసే ఎక్సోమ్ పరీక్షల్లో అది ఏళ్ల తరబడి తప్పించుకుంది. జులైలో 'నేచర్'లో అచ్చయ్యే నాటికి అందులో 115 మంది రోగులు ఉన్నారు. వారిలో నాలుగింట మూడు వంతుల పైగా రోగుల్లో మార్పు ఒక్కటే, ఒకే చోట ఒక్క అక్షరం అదనంగా చేరడం. వేరే దారిలో వెళ్లిన మరో బృందం 'నేచర్ మెడిసిన్'లో అదే జవాబు ప్రచురించింది. ప్రీప్రింట్‌కు, అచ్చు పత్రానికి మధ్య ఉన్న ఆ నెలల్లో, పూర్తి జీనోమ్ సమాచారం చేతిలో ఉన్న కేంద్రాలు ఆ ఒక్క అక్షరాన్ని తమ పాత ఫైళ్లలో వెతుక్కోగలిగాయి. ఎవరైనా స్వయంగా సరిచూసుకోగల విధంగా ఆధారం ఇచ్చిన ప్రీప్రింట్‌కు, మాటలు మాత్రమే ఉన్న ప్రీప్రింట్‌కు మధ్య తేడాను గుర్తించడం మీరు నేర్చుకోవాలి.

డబ్బు సంగతి కొంచెం చెప్పి ముందుకు వెళతాను. చదివేవారు డబ్బు కట్టే పద్ధతి నుంచి, రాసేవారు కట్టే పద్ధతి వైపు పత్రికలు మళ్లుతున్నాయి. 2021లో 'నేచర్', 'నేచర్ జెనెటిక్స్' వంటి పత్రికలు ఒక పత్రాన్ని అందరికీ ఉచితంగా తెరవడానికి 9,500 యూరోల రుసుము పెట్టాయి. మన లెక్కలో ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పని చేసే పరిశోధకురాలికి ఇది అందే మాట కాదు. మన కేంద్ర ప్రభుత్వం 2025 జనవరిలో అమలులోకి తెచ్చిన 'ఒకే దేశం ఒకే చందా' పథకం, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థలకు చెందిన 13,000కు చేరువైన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు చదవడానికి అందిస్తోంది. జిల్లా కేంద్రంలోని వైద్య కళాశాల విద్యార్థి కూడా ఇవాళ ఆ పత్రాలను తెరవగలగడం పెద్ద మేలు. అయితే ఇది ప్రధానంగా చదువరి కష్టం తీర్చింది. రచయిత రుసుము భారం చాలావరకు అలాగే ఉంది. ఆమోదం పొందిన రాతప్రతిని సంస్థ భాండాగారంలో ఉచితంగా ఉంచడానికి చాలా పత్రికలు అనుమతిస్తాయి. ఆ దారిని మనవాళ్లు తగినంతగా వాడుకోవడం లేదు.

సమాచారం తెరిచి పెట్టడంలో ఉన్న కష్టాన్ని కూడా దాచకుండా చెప్పాలి. పుట్టుకతో వచ్చిన జన్యు తేడాలను ఆధారంగా చేసుకొని, ఒక అలవాటో రక్తంలోని ఒక పదార్థమో నిజంగా వ్యాధికి కారణమా అని అంచనా వేసే మెండీలియన్ రాండమైజేషన్ అనే పద్ధతి ఉంది. 2003లో జార్జ్ డేవీ స్మిత్, షా ఇబ్రహీం దీన్ని విస్తృతంగా ప్రతిపాదించారు. సక్రమంగా వాడితే విలువైనది. కానీ అల్జీమర్స్, పార్కిన్సన్స్, పక్షవాతం సారాంశ గణాంకాలు ఉచితంగా దొరుకుతున్నాయి, లెక్క చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. కాబట్టి ఏదో ఒక పదార్థాన్ని ఒక వైపు, ఏదో ఒక నాడీ వ్యాధిని మరో వైపు పెట్టి, ఒక్క రోగిని కూడా చూడకుండా, పూటలో పత్రం తయారు చేయడం సాధ్యమైంది. ఇలాంటి పత్రాల వరద నుంచి ఈ పద్ధతిని కాపాడుకోవాలని 2024లో డేవీ స్మిత్ స్వయంగా సహరచయితగా ఒక వ్యాసం రాయవలసి వచ్చింది. ఈ పద్ధతి కాకపోయినా, అమెరికా ఆరోగ్య సర్వే సమాచారంతో ఇలాగే ఒకే అచ్చులో రాసిన పత్రాల సంఖ్య 2014 నుంచి 2021 వరకు ఏడాదికి సగటున నాలుగు ఉండగా, 2024లో మొదటి పది నెలలు నిండక ముందే 190కి చేరిందని 2025లో సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. 0.05 కోసం వెతికిన పాత రోజుల జబ్బే ఇది, సరంజామా మాత్రం కొత్తది. ముందుగా రాసిపెట్టిన విశ్లేషణ ప్రణాళిక, వేరే సమూహంలో రుజువు లేని ఇలాంటి పత్రాన్ని నేను సమీక్షకు ఒప్పుకోను, నా విద్యార్థులను రాయనివ్వను.

ఇప్పుడు మన జనం సంగతికి వస్తాను. జీనోమ్ అంతటా వెతికే అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 2009లో 96 శాతం, 2016లో 81 శాతం ఐరోపా సంతతివారేనని ఆలిస్ పోప్‌జాయ్, స్టెఫనీ ఫులర్టన్ లెక్క కట్టారు. ఎక్సాక్‌లో దక్షిణాసియా వారు 8,256 మంది ఉన్నా, వారిలో ఎక్కువ మంది పాకిస్తాన్‌లో జరిగిన గుండెపోటు అధ్యయనం నుంచి వచ్చినవారు. తెలుగు కుటుంబాల్లో కనిపించే ఒక అరుదైన మార్పును ఆ సంకలనంతో పోల్చి "జనంలో ఎక్కడా లేదు" అనడం తొందరపాటు అవుతుంది.

మనది ఒకే పెద్ద జనసమూహం కాదన్నది హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పరిశోధనల నుంచి ప్రపంచానికి తెలిసిన సంగతి. కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో 'నేచర్'లో భారతీయ జనాభా చరిత్రపై ప్రచురించిన పత్రం దీనికి పునాది. 2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన తరువాతి పత్రం 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తులను చూసింది. వాటిలో 81 సమూహాలు, వంశపారంపర్య వ్యాధుల అధ్యయనానికి పేరు పొందిన ఫిన్లండ్ ప్రజలకన్నా, ఐరోపా మూలాలున్న అష్కెనాజీ యూదులకన్నా తక్కువ మంది పూర్వీకుల నుంచి విస్తరించాయని తేల్చింది. ఆ పత్రంలో మన వైశ్య సమూహం ఉదాహరణగా ఉంది. బ్యూటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వీరిలో ఇతరులకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువ. శస్త్రచికిత్సకు ముందు సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఇస్తే, ఆ లోపం ఉన్నవారు తేరుకోవడానికి చాలా ఎక్కువ సమయం పడుతుంది. ఇది మన మత్తు వైద్యులకు అనుభవంలో ఉన్న విషయమే. అది పత్రంగా రావడం వల్ల, తెలుగు రోగిని మొదటిసారి చూసే వేరే దేశపు వైద్యుడికి కూడా తెలుస్తుంది. ఒక సమూహం పేరుతో వ్యాధిని ముడిపెట్టి రాసేటప్పుడు ఆ సమూహాన్ని చిన్నబుచ్చకుండా, వారి అంగీకారంతో, వారికి అక్కర కొచ్చేలా రాయడం మన బాధ్యత.

ఐరోపా జనంలో కనిపించిన దాన్ని ఇక్కడ వెతికి, లేదని చెప్పడం కూడా ఉపయోగకరమైన ప్రచురణే. పార్కిన్సన్స్‌కు సంబంధించిన ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జన్యువులోని జీ2019ఎస్ మార్పు ఉత్తర ఆఫ్రికా రోగుల్లో, అష్కెనాజీ యూదు రోగుల్లో తరచు కనిపిస్తుంది. భారతీయ రోగుల్లో అత్యంత అరుదని మన కేంద్రాలు వేసిన పత్రాల వల్ల తెలిసింది. ఆ మార్పు ఒక్కటే చూసే పరీక్ష ఇక్కడి రోగికి డబ్బు దండగ అన్న నిర్ణయానికి ఆ 'లేదు' అన్న పత్రాలే ఆధారం. తమ జనంలోనే వెతికితే ఏం దొరుకుతుందో నైజీరియా చూపింది. 2023లో 'లాన్సెట్ న్యూరాలజీ'లో వచ్చిన పత్రం, ఆఫ్రికన్ సంతతివారిలో జీబీఏ1 జన్యువులోని ఒక మార్పు పార్కిన్సన్స్ ప్రమాదాన్ని పెంచుతుందని చూపింది. ఐరోపా జనంలో అది దాదాపు లేదు కాబట్టి అంతకుముందు వచ్చిన లక్షల మంది అధ్యయనాల్లో కనిపించలేదు. అది ప్రొటీన్‌కు సంకేతమిచ్చే భాగాల్లో కాక, వాటి నడుమ భాగంలో ఉంది.

మన దగ్గర జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది జీనోములను చదివింది. 2025 జనవరి నుంచి ఆ సమాచారం ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్ ద్వారా, అనుమతి తీసుకున్న పరిశోధకులకు అందుతోంది. ఆరోగ్యవంతుల సమాచారం అలా మెల్లగా సమకూరుతోంది. రోగుల సమాచారమే ఇంకా చెల్లాచెదురుగా ఉంది. న్యూరాలజీ, మెడికల్ జెనెటిక్స్ విభాగాల్లో ఏటా విద్యార్థులు సమర్పించే సిద్ధాంత వ్యాసాల్లో ఎన్నో కుటుంబాల వివరాలు, మార్పులు, రోగ లక్షణాలు జాగ్రత్తగా రాసి ఉంటాయి. అవి గ్రంథాలయపు అరల్లోనే ఉండిపోతాయి, ఎందుకంటే ఒక్కొక్కటిగా చూస్తే ఏ పత్రికా వేసుకునేంత పెద్దవి కావు. వాటికి పెద్ద పత్రిక అక్కరలేదు. 2013 నుంచి నడుస్తున్న క్లిన్‌వార్ డేటాబేసులో ఏ ప్రయోగశాల అయినా, ఏ విభాగం అయినా తన రోగిలో చూసిన మార్పును, దాన్ని ఎందుకు అలా వర్గీకరించిందో ఆ కారణంతో సహా, రోగి గుర్తింపు వివరాలు లేకుండా నమోదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. సంస్థను ముందుగా నమోదు చేసుకోవాలి, నైతిక సంఘం అనుమతిలో ఈ విషయం చేర్చాలి, సమ్మతి పత్రంలో ఒక వాక్యం తెలుగులో అర్థమయ్యేలా రాయాలి. ఈ ఏడాది సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు ఆ సమ్మతి వాక్యాన్ని ఇప్పుడే చేర్చుకుంటే, వచ్చే ఏడాది ఆ మార్పులు నమోదు చేయడానికి అడ్డు ఉండదు. ఆ వాక్యం ముసాయిదా నా దగ్గర ఉంది, సభ ముగిశాక అడిగినవారికి ఇస్తాను. ఇక మీ ప్రశ్నలు వింటాను.